గుండిగ దగ్గర నారింజ కోటు

మా హాల్వర్డ్ బేలో నవంబరు వచ్చిందంటే మనిషిని కోటును బట్టే గుర్తుపట్టాలి. మొహం మఫ్లర్‌లోకి, జుట్టు టోపీలోకి పోయాక ఇక మిగిలేది కోటే. ఎవరి కోటు ఏదో ఊరందరికీ తెలుసు. లోడీ వ్రుబెల్ కోటు నారింజ రంగుది. జింకల వేటకని కుట్టింది, మోకాళ్ల దాకా దిగుతుంది, సరస్సు అవతలి ఒడ్డు నుంచి చూసినా కళ్లకు కొడుతుంది. ఈ కథలో జరిగిన నిర్వాకంలో సగం ఆ కోటుది, సగం నాది.

ఆమె అసలు పేరు లియోకాడియా. ఆ పేరుతో పిలిచింది బాప్తిస్మం ఇచ్చిన ఫాదర్ ఒక్కడే అయ్యుంటాడు. ఊరికి ఆమె లోడీ అత్త. బీన్సు డబ్బాల ఫ్యాక్టరీలో మూతల మిషను దగ్గర పనిచేసి రిటైరయింది. పిల్లలు లేరు. భర్త క్లెమ్ నెమ్మదస్తుడు, మరిది బెర్నీకి మాత్రం నోటికి మూత లేదు. ఎదురిల్లు నాది. నా పేరు నార్బర్ట్, అందరూ నార్బ్ అంటారు. స్కూలు బస్సులు బాగుచేస్తూ బతికాను. నాకు వెటకారం ఎక్కువని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లకు తక్కువేం కాదు.

మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు ఐస్‌మెన్. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మా తాతలు సరస్సు మీద గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి రైళ్లకు ఎక్కించేవాళ్లు. జట్టుకు వాళ్ల పేరే పెట్టారు. లీగులో తక్కినవన్నీ మహానగరాల జట్లు, మాది అరచేయంత ఊరు. అయితేనేం, మా స్టేడియంలో కొత్తగా సీటు కావాలంటే ముందు ఎవరో ఒకరు పోవాలి. సీట్లు మాకు పొలాల్లాంటివి, తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. వ్రుబెల్ వాళ్ల రెండు సీట్లు ఉత్తరం మూలన, గడ్డికి దగ్గరగా ఉంటాయి. మామగారు పోయాక ఒకటి క్లెమ్‌కి, ఒకటి బెర్నీకి వచ్చాయి. నాది దక్షిణం వైపు పై వరసలో, గాలికి ముక్కు ఊడిపోయే చోట.

లోడీకి ఆటంటే ప్రాణం. ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఆట ఇంకెవరికీ తెలియదు. కానీ ఆమె ఆట చూడకూడదు. ఎందుకంటే ఆమె ఐరన్ లెగ్.

పెళ్లయిన కొత్తలో జరిగింది. పెద్ద ఆట, మనవాళ్లు ముందున్నారు, ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూచున్నారు. కొత్తకోడలు పళ్లెం నిండా హ్యామ్ శాండ్‌విచ్‌లు పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, తెర వైపు చూసి, నవ్వుతూ అంది: "ఇంకేం, గెలిచినట్టే!"

మా ఊళ్లో ఆట అయ్యేలోగా ఆ మాట అనరు. మనసులో కూడా అనుకోరు. ఆ మరుక్షణమే మన కుర్రాడి చేతిలోంచి బంతి జారింది, అవతలివాళ్లు ఎత్తుకుపోయారు, ఆట పోయింది. మామగారు శాండ్‌విచ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఆమెను స్టేడియానికి తీసుకెళ్లారు, పరీక్షకన్నట్టు. అదీ ఓడిపోయారు. ఇక తీర్పు ఖరారైపోయింది.

అప్పట్నుంచి లోడీ స్థానం పార్కింగులో, బూయా గుండిగ దగ్గర. కోడి, గొడ్డుమాంసం, క్యాబేజీ, బఠాణీ, బంగాళాదుంపలు అన్నీ వేసి తెల్లవారుజాము నుంచి తెడ్డుతో తిప్పుతూ ఉడికించే పులుసు అది. బూయా లేకుండా మాకు ఆట లేదు. పొద్దున్నే మేమంతా చేరి గిన్నెలు నాకేసి, "అబ్బ, ఏం వండావే లోడీ!" అనేసి లోపలికి పోయేవాళ్లం. ఆమె మాత్రం స్టేడియానికి వీపు పెట్టి నిలబడి గుండిగ తిప్పుతుండేది. రేడియో కూడా పెట్టనివ్వలేదు బెర్నీ. "వినడమైనా చూడ్డమైనా ఒకటే వదినా" అనేవాడు. ఆట అయ్యాక ఏం జరిగిందో క్లెమ్ వచ్చి చెప్పేవాడు. క్లెమ్ మంచివాడే గానీ చెప్పడం చేతకాని మనిషి. "విసిరాడు, పట్టుకున్నాడు" అంటే అయిపోయింది. ఒక జీవితకాలం ఆమె ఆటను ఆ రెండు మాటల్లోనే చూసింది.

కిందటి ఏడు ఏప్రిల్‌లో క్లెమ్ పోయాడు. చివరి రోజుల్లో ఆమె చెయ్యి పట్టుకుని, "సీటు నీది. నువ్వే కూచో" అన్నాడట. ఆ నెమ్మదస్తుడు పెళ్లాం తరఫున నోరు విప్పడం అదే మొదలు.

సెప్టెంబరులో లోడీ వెళ్లి ఆ సీట్లో కూచుంది. ఓడిపోయాం. రెండో ఆట పక్క రాష్ట్రంలో, టీవీలో చూసింది. ఓడిపోయాం. మూడోదానికి మళ్లీ వచ్చి కూచుంది. ఈసారి మామూలు ఓటమి కాదు, పరువు పోయింది. శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు తింటుంటే ఆమె బల్ల దగ్గర ఒక్కరు కూడా కూచోలేదు. వెనక బల్ల నుంచి ఎవడో, "లోడీ అత్తా, ఈ ఆదివారం బూయా నువ్వే తిప్పుతావుగా?" అన్నాడు. హాలంతా నవ్వింది. లోడీ కూడా నవ్వింది, కానీ చేప మాత్రం తినలేదు.

మర్నాడు బెర్నీ ఆమె ఇంటికి వచ్చాడు. నేను అక్కడే సింకు కింద పైపు బిగిస్తున్నాను.

"వదినా, నేను నిన్నేమీ అనడం లేదు" అన్నాడు.

"అనకపోతే ఎందుకొచ్చావ్?"

"ఒక్క ఆట. ఒక్కటంటే ఒక్కటి, గుండిగ దగ్గర ఉండి చూడు. అదే, చూడకుండా ఉండు."

"ఆ సీటు నాకు మీ అన్నయ్య ఇచ్చాడు బెర్నీ."

"అన్నయ్య టోపీ తెచ్చి సీట్లో పెడతాను. వాడే కూచున్నట్టు ఉంటుంది. వాడు పోయిన ఏడు ఇలా వరసగా ఓడిపోతే వాడి ఆత్మ శాంతిస్తుందా, నువ్వే చెప్పు."

సింకు కిందనుంచి, "బంతి వదిలేసేది లోడీ చేతులా, ఆ కుర్రాళ్ల చేతులా?" అని అడిగాను.

"నువ్వు పైపు చూసుకోరా!" అన్నాడు బెర్నీ.

లోడీ ఒప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆమెను అంతగా వంచింది బెర్నీ కాదు. తన చూపు మంచిది కాదని ఆమే సగం నమ్మింది. ఊరంతా ఏళ్ల తరబడి ఒకే మాట అంటుంటే ఎవరు మాత్రం నమ్మరు?

ఆ ఆదివారం సరస్సు మీద నుంచి వాన గాలి. జనమంతా లోపలికి పోయారు. నేను ఒక్కణ్ణే వెనకబడ్డాను, నడుము పట్టేసింది. లోడీ తెడ్డు తిప్పుతూ నా వైపు చూడకుండా అంది: "మూడు ఆటలు చూశాను నార్బ్. మూడూ చండాలంగా ఆడారు. నా బతుకులో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు."

"కోటు విప్పు" అన్నాను.

"ఏంటీ?"

"విప్పు తల్లీ. నాది నువ్వు వేసుకో. నా టోపీ, నా మఫ్లర్, నా టికెట్టు. ఆ పైన గాలికి తల ఎత్తి చూసేవాడు ఎవడూ ఉండడు."

"నీ సీటు కదరా!"

"నా నడుముకు ఆ మెట్లు ఎక్కే ఓపిక లేదు. నీకు పుణ్యం ఉంటుంది, పో."

అలా నేను నారింజ కోటు వేసుకుని, మీసం కనపడకుండా మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకుని, స్టేడియానికి వీపు పెట్టి నిలబడ్డాను. వెళ్లేముందు లోడీ నాకు గుట్టు చెప్పింది: "జనం చెవులు బద్దలు కొడుతున్నారంటే బంతి అవతలివాళ్ల దగ్గర ఉన్నట్టు. చప్పుడు ఆగిపోయిందంటే మనవాళ్ల దగ్గర. మనవాళ్లకు ఒకరి మాట ఒకరికి వినపడాలి కదా, అందుకని." మధ్యలో బెర్నీ పై వసారాలోకి వచ్చి కిందికి తొంగి చూశాడు. నారింజ రంగు కనపడగానే బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను తెడ్డు ఎత్తి చూపించాను.

ఆ ఆట గెలిచాం. లోడీ సగం ఆట వేళ్ల సందుల్లోంచే చూసిందట, దిష్టి తగులుతుందని. అయినా గెలిచాం. ఆ మరుసటి వారం బయటి ఊళ్లో ఆట. చర్చి వంటిల్లు కడగాలని చెప్పి లోడీ మా ఇంట్లో, కర్టెన్లు మూసి, నా టీవీ ముందు కూచుంది. గెలిచాం. తర్వాతిదీ గెలిచాం, ఆ తర్వాతిదీ. నవంబరు వచ్చేసరికి ఆమె మొహం మీద నుంచి చేతులు పూర్తిగా తీసేసింది. డిసెంబరుకు నా సీటు పక్కవాళ్లతో కలిసి రిఫరీని తిట్టడం మొదలుపెట్టింది. నార్బ్ గొంతు ఈ ఏడు సన్నబడిందేమిటని వాళ్లు అనుకున్నారో ఏమో, అడగలేదు.

ఊళ్లో మాత్రం జనం, "చూశారా! లోడీ అత్త గుండిగ దగ్గరికి వెళ్లింది, జట్టు గాడిన పడింది" అనేవాళ్లు. ఆమెకు కేకులు పంపించారు. చేపల హాల్లో ఆమె బల్ల నిండిపోయింది. బెర్నీ అయితే అందరి ముందూ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, "మా వదిన త్యాగమూర్తి" అన్నాడు. ఆమె ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, నవ్వలేక చచ్చింది.

కానీ ఆమెకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. అది బయటపడింది జనవరిలో. ఫైనలుకు ఒక్క మెట్టు కింద ఆట, మా మైదానంలోనే. గెలిచినవాళ్లు ఫైనలుకు. మేం ఆ గడప తొక్కి ఒక తరం దాటిపోయింది. ముందురోజు మంచు దిబ్బలుగా పడింది. ఇలాంటప్పుడు ఊరు ఊరంతా పారలు పట్టుకుని స్టేడియం ఖాళీ చేయడానికి పోతుంది. లోడీ ఇంకెవర్నీ రానివ్వకుండా వ్రుబెల్ వాళ్ల వరస తనే ఎత్తిపోసింది. క్లెమ్ సీటు మీది మంచును మాత్రం పారతో కాదు, చేతి తొడుగుతో తుడిచింది.

"నార్బ్, ఈ సీటు నాదే కదా?"

"నీదే."

"మరి నేను ఎక్కడో అవతల, నీ టోపీ కింద దాక్కుని ఎందుకు చూస్తున్నాను?"

"లోడీ, ఇప్పుడొద్దు. రేపు నువ్వు ఇక్కడ కూచుని, వాళ్లు ఓడిపోయారనుకో, ఈ ఊరు నిన్ను బతకనివ్వదు. నువ్వు పోయాక కూడా చెప్పుకుంటారు."

"తెలుసు."

"ఆ పైనే ఉండి గెలుపు చూడు. చాలదా?"

ఆమె పార మీద గడ్డం ఆనించుకుంది. "దొంగచాటుగా చూసిన గెలుపు, నాకు ఎవరో చెప్పిన గెలుపులాగే ఉంటుంది నార్బ్" అంది. మర్నాడు మాత్రం ఏమీ అననట్టే నా కోటు వేసుకుని నా సీటుకే వెళ్లింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ రోజు చలి గురించి చెప్పను, నమ్మరు. గుండిగ మూత తీస్తే ఆవిరి నా కనుబొమల మీద మంచైపోయింది. నేను జనం చప్పుడు వింటూ నిలబడ్డాను. చాలాసేపు ఒకటే హోరు, అంటే బంతి అస్తమానం వాళ్ల దగ్గరే ఉంది. ఆట చివరికి వచ్చేసరికి లోపల్నుంచి ఒక మూలుగు వినపడింది, వేలమంది ఒక్కసారి కడుపు పట్టుకున్నట్టు. వాళ్లు ముందుకెళ్లిపోయారని తెలిసిపోయింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. బంతి మనవాళ్ల దగ్గర. ఆఖరి అవకాశం.

ఆ నిశ్శబ్దంలో లోపల జరిగింది నాకు తర్వాత బెర్నీయే చెప్పాడు. ఇప్పటికి వందసార్లు చెప్పాడు, అడగకపోయినా చెబుతాడు.

మా లానియర్ బంతి విసిరేవాడు, టూమీ పట్టేవాడు. చివరి గీత అవతల బంతి పట్టుకుంటేనే గెలుపు. ఆ గీతకు ఇంకా దూరం ఉంది, గడియారంలో ఇంకో రెండు మూడు విసుర్లకు సరిపడా టైము ఉంది. అంతలో మెట్ల మీద నా నల్ల కోటు, నా టోపీ దిగివస్తున్నాయి. బెర్నీ అరిచాడు: "ఒరేయ్ నార్బ్, నీ సీటు వదిలి ఇటెందుకొచ్చావ్? కదలకు! ఆట మధ్యలో సీటు మారకూడదని తెలీదూ?"

కోటు వచ్చి వాడి పక్కన ఆగింది. మఫ్లర్ కిందికి లాగింది. సీట్లో పెట్టిన క్లెమ్ టోపీ తీసి, మంచు దులిపి, తన నెత్తిన పెట్టుకుని కూచుంది.

బెర్నీ మొహం పాలిపోయింది. "వదినా! నువ్వు... గుండిగ దగ్గర ఎవరున్నారు?"

"నార్బ్ ఉన్నాడు. అక్టోబరు నుంచీ వాడే ఉన్నాడు."

"మరి నువ్వు?"

"లోపలే. గెలిచినవన్నీ చూశాను బెర్నీ. ఒక్కటి కూడా వదల్లేదు. ఈ రెండు కళ్లతో."

చుట్టుపక్కల మూడు వరసలూ వెనక్కి తిరిగి చూశాయట. అప్పుడు లోడీ లేచి నిలబడింది. స్టేడియమంతా నోరు మూసుకుని ఉన్న ఆ సమయంలో, బీన్సు ఫ్యాక్టరీ మిషన్ల మీదుగా కేకలేసిన గొంతుతో అంది:

"ఇంకేం, గెలిచినట్టే!"

బెర్నీ చెవులు మూసుకున్నాడు. వెనక వరసలో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. లానియర్ అటూ ఇటూ తప్పించుకుని, వెనక్కి వెనక్కి పోయి, ఎత్తుగా విసిరాడు. బంతి మంచులో కనపడకుండా పోయి, ఉత్తరం మూలన, సరిగ్గా వాళ్ల సీట్ల ముందు దిగింది. టూమీ గాల్లో అడ్డంగా పడుకుని అందుకుని, గీత అవతల మంచుదిబ్బలో నడుము దాకా కూరుకుపోయాడు. కాసేపు కాళ్లు మాత్రమే కనపడ్డాయి. తర్వాత మంచులోంచి ఒక చెయ్యి పైకి లేచింది. దాన్లో బంతి ఉంది.

బయట నాకు వినపడింది చప్పుడు కాదు, నేల కదిలింది. గుండిగలో బూయా ఒలికింది. తెడ్డు ఎటు విసిరేశానో నాకే తెలీదు. పార్కింగు కాపలావాడు పరుగెత్తుకొచ్చి, "లోడీ అత్తా! గెలిచాం అత్తా!" అంటూ నన్ను వాటేసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాడు. మఫ్లర్ జారింది, మీసం తగిలింది. వాడు కెవ్వుమన్నాడు. నేను ఏడుస్తున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

లోపల, అందరూ గంతులేస్తుంటే బెర్నీ ఒక్కడే కూచుని వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడట. అక్టోబరు నుంచీ ఆమె చూసినవన్నీ గెలిచాం. నార్బ్ గుండిగ దగ్గర ఉన్నప్పుడల్లా గెలిచాం. వాడి బుర్రలో దీపం వెలిగింది. లేచి వదిన భుజాలు పట్టుకుని సీట్లో కూచోబెట్టాడు.

"ఎవరూ ఆమెను ముట్టుకోవద్దు! వదినా, కదలకు! ఆ నార్బ్ గాణ్ణి మాత్రం లోపలికి రానివ్వకండి. సెప్టెంబరులో మూడు ఆటలూ చూసింది వాడే! ఇన్నాళ్లూ మన కొంప ముంచింది వాడేరా!"

చూశారా అన్యాయం. వాడికి ఐరన్ లెగ్ లేకపోతే నిద్ర పట్టదు, ఒకరిది దిగితే ఇంకొకరి మెడకు చుడతాడు. ఊరు కూడా తలూపింది. కొత్త సీజను నుంచి నారింజ కోటు నాది, తెడ్డు నాది.

ఫైనలు ఎక్కడో ఎండ కాసే ఊళ్లో జరిగింది. అందరం బెర్నీ ఇంట్లో చేరాం. అందరం అంటే, వాళ్లంతా హాల్లో, నేను గరాజులో. లోడీని టీవీకి ఎదురుగా మామగారి కుర్చీలో కూచోబెట్టారు. పక్కన బల్ల మీద హ్యామ్ శాండ్‌విచ్‌లు. "వదినా, ఆ మాట ఎప్పుడంటావ్? ఇప్పుడనేయరాదూ?" అని బెర్నీ మొదటి నిమిషం నుంచీ ప్రాణం తీస్తున్నాడట. నాకు గోడ అవతల్నుంచి అరుపులు వినపడుతున్నాయి, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పాత టైరు మీద కూచుని ఒక శాండ్‌విచ్ నమిలాను. ఇంతకాలం ఆమె ఎలా ఓర్చుకుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఉన్నట్టుండి ఇల్లు దద్దరిల్లింది. వీధిలో హారన్లు మోగాయి, చర్చి గంట మోగింది. కప్పు మాది. అందరూ వీధిలోకి పరుగెత్తారు. గరాజు తలుపు తీసుకుని లోపలికి వచ్చింది మాత్రం లోడీ ఒక్కతే, నెత్తిన క్లెమ్ టోపీ, రెండు చేతుల్లో రెండు బీర్లు.

"గెలిచామటగా" అన్నాను. "విసిరాడు, పట్టుకున్నాడు. అంతేనా?"

"నోరు ముయ్యి" అంది. బక్కెటు బోర్లించుకుని నా ఎదురుగా కూచుంది. కళ్లు మెరిసిపోతున్నాయి. "మొదట్నుంచీ చెబుతాను, విను. తొందరపెట్టకు. లానియర్ బయటికి వచ్చేటప్పుడు ఎడం బూటు లేసు ఊడి ఉంది. నేను తప్ప ఎవ్వరూ చూడలేదు..."

వీధిలో ఊరంతా గంతులేస్తోంది. లోడీ అటు చెవి పెట్టడం లేదు. ఇన్నేళ్లుగా ఎవరో చెబితే విన్న మనిషి, తను చూసింది చెబుతోంది. నేను బీరు పక్కన పెట్టి విన్నాను.